విగ్గు కింద లండన్

నెత్తి మీద ఎవరిదో జుట్టు. దాని మీద చల్లిన పిండి. సుమారు 130 ఏళ్ల పాటు యూరప్‌లో పెద్దమనిషికి గుర్తు అదే! ఆ దర్జాని చూసి పకపకా నవ్విన ఊరు లండన్. అప్పటి బొమ్మలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒక్క రోజు ఓపిగ్గా నడిస్తే చాలు, చాలావరకూ చూసి రావచ్చు.

ఉదయం తొమ్మిది గంటలప్పుడు ఛాన్సరీ లేన్‌లో ఓ పక్కన నిలబడి చూడాలి. లండన్‌లో లాయర్ల పేట అది. నల్లకోట్లు, చేతిలో కాఫీ కప్పులు, వెనకాల చక్రాల పెట్టెలు... అంతా హడావుడి. ఆ పెట్టెల్లో కేసు కాగితాలతోపాటు కోడిగుడ్డు ఆకారంలో ఓ నల్లని రేకుడబ్బా కూడా ఉంటుంది. మూత మీద బంగారు రంగు అక్షరాలతో సొంతదారు పేరు. లోపల ఉండేది లంచ్ అనుకుంటే పొరపాటే. అందులో ఉండేది విగ్గు!

తెల్లగా తళతళలాడే విగ్గుతో కోర్టులో అడుగుపెడితే నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర లాయరని అందరికీ ఇట్టే తెలిసిపోతుంది. అందుకే అక్కడ కొత్త విగ్గు కంటే మాసి, పచ్చబారి, చివర్లు చెదిరిన పాత విగ్గుకే మర్యాద ఎక్కువ. ఇంతకీ అది మనిషి జుట్టు కాదు, గుర్రపు వెంట్రుక. అంతకుముందు లాయర్ల విగ్గులకు రోజూ కొవ్వు పులమాలి, పిండి చల్లాలి, ఉంగరాలు మళ్లీ చుట్టాలి. ఈ బాధలేవీ లేకుండా, చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉండే గుర్రపు వెంట్రుకల విగ్గుకు 1822లో హంఫ్రీ రావెన్స్‌క్రాఫ్ట్ అనే పనివాడు పేటెంటు తీసుకున్నాడు. ఛాన్సరీ లేన్ పేరు చెబితే గుర్తొచ్చే ‘ఈడ్ అండ్ రావెన్స్‌క్రాఫ్ట్’ ఆ కుటుంబం పేరు మోస్తున్న సంస్థే. తమ పుట్టుక 1689 నాటిదని చెప్పుకుంటుంది.

మన లాయర్ల నల్లకోటూ మెడలో తెల్లపట్టీ ఇంగ్లండు నుంచి వచ్చినవే. విగ్గు మాత్రం మన ఎండలకి నిలవలేదు. ఇంగ్లండులోనూ దాని రాజ్యం కుదించుకుపోయింది. 2008 నుంచి సివిల్, కుటుంబ కేసుల్లో తీసేశారు. క్రిమినల్ కోర్టుల్లో ఇంకా ఉంది. దట్టమైన ఉంగరాల జుట్టున్న నల్లజాతి లాయర్లు ‘ఈ గుర్రపు టోపీ మా తల మీద ఎలా కూర్చుంటుంది?’ అని ఈమధ్య గట్టిగానే అడుగుతున్నారు.

ఒకప్పుడు మాత్రం విగ్గు ఒక్క లాయర్లదే కాదు. బిషప్పు, డాక్టరు, వర్తకుడు, సైనికాధికారి, సంగీతం మేష్టారు... ఎవరి స్థాయికి తగ్గ విగ్గు వాళ్లకుండేది. పలుకుబడి ఉన్నవాణ్ణి ఇంగ్లిషులో ఇప్పటికీ ‘బిగ్‌విగ్’ అంటారు. అంటే పెద్ద విగ్గు! ఆ పెద్ద విగ్గులన్నిటినీ ఒక్కచేత్తో ఊడబెరికినవాడు విలియం హోగార్త్. 1697లో లండన్‌లోనే పుట్టిన చిత్రకారుడు. అతను గీసిన ఓ కథ చూడాలంటే ఛాన్సరీ లేన్ నుంచి అయిదారు నిమిషాల నడక.

తలుపు తీస్తే కనపడే కథ

లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే పెద్ద తోట. దాని ఉత్తరం పక్క 13వ నంబరు ఇల్లు. సర్ జాన్ సోన్ అనే పేరున్న ఆర్కిటెక్టు తన కోసం కట్టుకున్న ఇల్లది. ఆయన 1837లో పోయాక, ఆయన కోరినట్టే ఇంట్లో వస్తువులు కదపకుండా మ్యూజియంగా ఉంచేశారు. ప్రవేశం ఉచితం. లోపల ఓ చిన్నగది. మన మధ్యతరగతి ఇళ్లలో పడగ్గదికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో వందకు పైగా చిత్రాలున్నాయంటే ఎవరూ నమ్మరు. కిటుకేమిటంటే అక్కడి గోడలు గోడలు కావు, తలుపులు! మ్యూజియం మనిషి వచ్చి బీరువా తెరిచినట్టు గోడని తెరుస్తాడు. వెనకాల ఇంకో వరస చిత్రాలు. అలా తెరిచిన తలుపు వెనక ఉంటాయి ఎనిమిది బొమ్మలు... ‘ఎ రేక్స్ ప్రోగ్రెస్’. 1730ల్లో హోగార్త్ గీసిన ఈ చిత్రాలను సోన్ 1802లో 570 గినీలు పెట్టి కొన్నాడు.

కథ మనకు తెలిసినదే. పిసినారి తండ్రి పైసా పైసా కూడబెట్టి చచ్చిపోతాడు. కొడుకు టామ్ రేక్‌వెల్ చేతికి ఆస్తి వస్తుంది. మొదటి బొమ్మలోనే దర్జీ వచ్చి కొత్త బట్టలకు కొలతలు తీసుకుంటుంటాడు. రెండో బొమ్మకొచ్చేసరికి డ్యాన్సు మేష్టారు, కత్తిసాము గురువు, తోటలు వేసేవాడు, గుర్రాలవాడు, అందరూ చుట్టూ చేరి ఉంటారు. మూడోదాంట్లో సారాకొట్టు, తాగి కాళ్లు చాపిన టామ్, మెల్లగా అతని వాచీ కొట్టేస్తున్న అమ్మాయి. నాలుగోదాంట్లో పల్లకీలాంటి మోతకుర్చీలో సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌కు దర్జాగా వెళుతుంటే అప్పులవాళ్ల తరఫున జవాన్లు దారి కాస్తారు. పైన వీధిదీపాల్లో నూనె పోసేవాడు వీడి తమాషా చూస్తూ కాస్త నూనె కిందకి ఒలకబోస్తాడు. అలంకరించుకున్న ఆ తల మీద నూనె పడుతుంటే... హోగార్త్ నవ్వించే పద్ధతి ఇది. అయిదో బొమ్మలో డబ్బు కోసం ఒంటికన్ను ముసలామెతో పెళ్లి.

ఆరో బొమ్మ దగ్గర అందరి కాళ్లూ ఆగిపోతాయి. జూదశాల. పెళ్లి వల్ల వచ్చిన డబ్బు కూడా పోయింది. టామ్ నేల మీద మోకాళ్ల మీద కూలబడి, పిడికిలి పైకెత్తి దేవుణ్ణి తిడుతున్నాడు. నెత్తి మీద విగ్గు లేదు. ఊడి నేల మీద పడి ఉంది. నున్నగా గొరిగిన బోడితల దీపం వెలుగులో మెరుస్తోంది. ఓ కుక్క అతన్ని చూసి మొరుగుతోంది. గదికి నిప్పంటుకుని వెనకాల పొగ లేస్తున్నా, ఆటలో మునిగిన చాలామందికి ఆ సంగతే పట్టలేదు.

ఆ రోజుల్లో విగ్గు సరిగ్గా కుదరాలంటే సొంత జుట్టు తీయించుకోవాలి, లేదా బాగా పొట్టిగా కత్తిరించుకోవాలి. అందుకే విగ్గు తీస్తే పెద్దమనిషి గుండుతో మిగిలేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు చలికి మెత్తని టోపీ పెట్టుకునేవాళ్లు. నలుగురిలో బోడితలతో కనపడటమంటే పంచె ఊడినంత పని! హోగార్త్ ఈ బొమ్మలో చేసింది అదే. ఏడో బొమ్మ అప్పులవాళ్ల జైలు. చివరిది బెడ్లమ్... అంటే పిచ్చాసుపత్రి. గొరిగిన తలతో, ఒంటి మీద సరిగ్గా బట్ట లేకుండా టామ్ నేల మీద పడున్నాడు. మొదటి బొమ్మలో అతను కాదన్న పిల్లే పక్కన కూర్చుని ఏడుస్తోంది. వెనకాల ఇద్దరు సింగారించుకున్న స్త్రీలు. వాళ్లు బంధువులు కారు. పిచ్చివాళ్లని చూడటం ఆ రోజుల్లో కాలక్షేపం మరి!

ఈ ఎనిమిదీ చూశాక మ్యూజియం మనిషి తలుపులు మూసేస్తాడు. గది మళ్లీ మామూలైపోతుంది.

మూడు పౌన్ల తల

ఇంతకీ ఈ పిచ్చి ఎక్కడ మొదలైంది? ఫ్రాన్సులో. 1620ల్లో 13వ లూయీ రాజుకి చిన్న వయసులోనే జుట్టు ఊడిపోయి విగ్గు పెట్టుకున్నాడు. రాజు పెట్టుకున్నాక కొలువు ఊరుకుంటుందా? ఆయన కొడుకు 14వ లూయీ కాలానికి అది సింహం జూలంత అయింది. ఇంగ్లండులో రెండో చార్లెస్ రాజు 1660ల్లో దాన్ని తలకెత్తుకున్నాడు.

లండన్‌లో నేవీ ఆఫీసు ఉద్యోగి శామ్యూల్ పెపీస్ ఆ రోజుల్లో డైరీ రాసుకున్నాడు. అందులో విగ్గు సంగతులు బోలెడు. 1663 శరదృతువులో ఆయన రెండు విగ్గులు కొన్నాడు. ఒకటి మూడు పౌన్లు, రెండోది రెండు పౌన్లు. సొంత జుట్టు తీసేసుకున్నాక దిగులుపడ్డాడు. ఆదివారం చర్చికి వెళితే అంతా తనవంకే చూస్తారని బెంగపెట్టుకున్నాడు. తీరా వెళితే ఎవరూ పట్టించుకోలేదట! అదే ఏడాది మార్చిలో ఆయన ఇంటికి కొత్త వంటమనిషి వచ్చింది. ఏడాదికి నాలుగు పౌన్ల జీతం. అంత ఎక్కువ ఎప్పుడూ ఇవ్వలేదని డైరీలో రాసుకున్నాడు. అంటే అయ్యగారి రెండు విగ్గుల ఖరీదు వంటమనిషి ఏడాది జీతాన్ని మించిపోయింది.

మరుసటి ఏడాది విగ్గులో ఈపులు కనపడి మంగలి దగ్గరికి పరిగెత్తాడు. 1665లో లండన్‌ని ప్లేగు చుట్టుముట్టింది. కొత్తగా కొన్న విగ్గు పెట్టుకోవడానికి పెపీస్‌కి భయం వేసింది. ఆ జుట్టు ప్లేగుతో చచ్చినవాళ్ల తలల నుంచి కోసిందేమోనని! జబ్బు తగ్గాక ఇక ఎవరూ విగ్గులు కొనరేమో అని కూడా అనుకున్నాడు. ఆ అంచనా మాత్రం తప్పింది. మరో వందేళ్లు దాని వైభోగానికి ఢోకా లేకపోయింది.

ఎవరి జుట్టు?

పెపీస్ భయం ఉత్తదే కావచ్చు. కానీ ప్రశ్న మాత్రం సరైనదే. అంతమంది తలల మీదకి అంత జుట్టు ఎక్కణ్నుంచి వచ్చింది? చాలావరకు పల్లెటూళ్ల నుంచి. జుట్టు వ్యాపారులు ఊరూరూ తిరిగి రైతుకూలీల ఇళ్లలో ఆడపిల్లల జడలు కొనేవాళ్లు. కొన్ని నాణేలో, రిబ్బన్లో చేతిలో పెట్టి కత్తెర వేసేవాళ్లు. ఆడవాళ్ల జుట్టుకి మగవాళ్ల జుట్టు కన్నా గిరాకీ. పొడుగు ఎక్కువ, ఎండకి కమలకుండా ఎప్పుడూ టోపీల కింద ఉంటుంది కాబట్టి! బజార్లలో ‘చిక్కు వెంట్రుకలు కొంటాం’ అని కేకలు వేస్తూ వచ్చే మనిషికి ఇంట్లో దాచిన ఉండ ఇచ్చి స్టీలుగిన్నె తీసుకున్న అమ్మమ్మలు మనకీ ఉన్నారు. వాళ్లిచ్చింది రాలిన జుట్టు. అక్కడ కోసింది తలమీద జుట్టు.

పని కూడా చిన్నది కాదు. కొన్న జుట్టుని పొడవుల వారీగా వేరుచేసి దువ్వాలి. కాల్చిన తెల్లమట్టితో చేసిన వేలెడంత పుల్లలకు బిగించి చుట్టాలి. వాటిని గంటల తరబడి నీళ్లలో ఉడికించాలి. ఆరాక కాగితంలో చుట్టి, రొట్టెల పిండి ముద్దలో పెట్టి బేకరీ పొయ్యిలో కాల్చాలి! పొయ్యి ఆరాక రొట్టె పగలగొడితే లోపల నిలిచిపోయిన ఉంగరాల జుట్టు. అప్పుడు రెండు కర్రల మధ్య పట్టుదారాలు లాగి, వాటిమీద నాలుగేసి వెంట్రుకలు మెలిపెట్టి అల్లాలి. మన సవరం అల్లే పనిని గుర్తుచేసే పనే ఇది. అలా అల్లిన పట్టీలను కొయ్యతలకి తొడిగిన వల మీద వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. పారిస్‌లో అచ్చయిన దిదెరో విజ్ఞానసర్వస్వంలో ఈ పనిముట్ల బొమ్మలన్నీ ఉన్నాయి. 1767లో గార్సో అనే ఆయన ఈ వృత్తి మీద ఓ పుస్తకమే రాశాడు. ఆ మట్టిపుల్లలు లండన్ నేల తవ్వితే ఇప్పటికీ దొరుకుతుంటాయి.

తెలుగువాళ్లకి ఈ వ్యాపారం దూరపుది కాదు. తిరుమల కల్యాణకట్టలో మొక్కుగా ఇచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అందులో పొడుగు జుట్టు విగ్గులై విదేశాలకి పోతుంది. 2004లో ఈ దారి లండన్‌ని కూడా తాకింది. పెళ్లయిన యూదు స్త్రీలలో ఆచారం గట్టిగా పాటించేవాళ్లు సొంత జుట్టు బయటికి కనపడనివ్వరు. కొందరు దాని మీద విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో వేరే మతం గుడిలో ఇచ్చిన జుట్టు ఉండొచ్చా అని మతపెద్దలకి అనుమానం వచ్చింది. లండన్ నుంచి ఓ మతపెద్ద తిరుమల వచ్చి స్వయంగా చూసి వెళ్లాడు. కూడదని తీర్పు రాగానే న్యూయార్క్ వీధుల్లో విగ్గులను కుప్పపోసి తగలబెట్టారు. ఇక్కడ దేవుడికిచ్చిన జుట్టు అక్కడ దేవుడి కోసమే మంటల్లో పడింది! ఇచ్చినవాళ్లకి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

విగ్గులకు కొలబద్ద

సోన్ ఇంటి నుంచి పావుగంట నడిస్తే బ్రిటిష్ మ్యూజియం. అచ్చుబొమ్మల విభాగంలో ముందుగా సమయం అడిగి పెట్టుకుంటే హోగార్త్ అచ్చులను బల్ల మీద పెట్టి చూపిస్తారు. వాటిలో 1758 నాటి ‘ది బెంచ్’లో జడ్జీలున్నారు. భుజాల మీదకి జారిన పేద్ద విగ్గుల్లో కూరుకుపోయారు. ఒకాయన హాయిగా కునుకు తీస్తున్నాడు. కింద ఎవరి బతుకు తేలాల్సి ఉందో!

అసలు మజా 1761 నాటి ‘విగ్గుల్లో అయిదు తరగతులు’. దీని వెనకో కథ ఉంది. జేమ్స్ స్టూఅర్ట్, నికొలస్ రెవెట్ అని ఇద్దరు మిత్రులు ఏథెన్స్ వెళ్లి, అక్కడి గుళ్ల స్తంభాలను అంగుళం అంగుళం కొలిచి వచ్చారు. గ్రీకు స్తంభాల్లో అయానిక్, కొరింథియన్ అంటూ తరగతులుంటాయి. ఆ కొలతలతో మహాగ్రంథం వేస్తామని చందాలు పోగుచేశారు. ఏళ్లు గడుస్తున్నా పుస్తకం జాడలేదు. మొదటి సంపుటి మీద వేసిన సంవత్సరం 1762. ఈలోగా 1761 సెప్టెంబరు 22న మూడో జార్జి పట్టాభిషేకం జరిగింది. ఊళ్లో ఉన్న పెద్ద విగ్గులన్నీ ఒక్కచోట చేరాయి. హోగార్త్ నెల తిరక్కముందే అచ్చు వేసేశాడు.

అందులో స్తంభాల బదులు విగ్గులు! వరసలుగా పేర్చి, గీతలు గీసి, తలనీ ముక్కునీ కొలప్రమాణాలుగా పెట్టి వాటి ఎత్తూ వెడల్పూ కొలిచాడు. పైవరస బిషప్పులది. తర్వాత నగర పెద్దలది. మూడోది లాయర్లది. దానిపేరు ‘లెక్సానిక్’. లాటిన్‌లో చట్టానికి ‘లెక్స్’ అంటారు, దాన్ని ‘అయానిక్’కు అతికించాడు. సగం సొంతజుట్టూ సగం విగ్గూ కలిసింది నాలుగోది. నక్కతోకలా వెనక జడ వేలాడే షోకిలాల విగ్గు అయిదోది. కింద ఓ ఉత్తుత్తి ప్రకటన కూడా అచ్చేశాడు. పాతకాలపు విగ్గుల కొలతలన్నీ ఆరు సంపుటాలుగా పదిహేడేళ్లలో వెలువడతాయని! కొలిచే పండితుడి ఊరు లగాడో. స్విఫ్ట్ ‘గలివర్స్ ట్రావెల్స్’లో దోసకాయల నుంచి ఎండ పిండాలని చూసే మేధావుల ఊరన్నమాట. స్టూఅర్ట్ ఒక్కడే కాదు, పట్టాభిషేకానికి వెళ్లిన ప్రతివాడూ తన వరస వెతుక్కుని ఉంటాడు.

రాజుగారి గుమ్మం ముందు

హోగార్త్ 1764లో కన్నుమూశాడు. మరుసటేడు జరిగిన తమాషా చూసి ఉంటే కచ్చితంగా గీసేవాడు.

సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ఎర్రఇటుకల గుమ్మం ఇప్పటికీ అలాగే ఉంది. రేక్ కథ నాలుగో బొమ్మలో వెనకాల కనపడేదీ అదే. 1765 ఫిబ్రవరి 11న ఆ గుమ్మం ముందుకి లండన్ విగ్గుల పనివాళ్లు గుంపుగా వచ్చారు. ఫ్యాషన్ మారింది. పెద్దమనుషులు సొంత జుట్టు పెంచుకోవడం మొదలుపెట్టారు. మీరే మమ్మల్ని ఆదుకోవాలని మూడో జార్జికి అర్జీ పెట్టుకోవడానికి వచ్చారు. కడుపు మండిన మనుషులు. దారిపొడుగునా జనం చూశారు. చూసి గొల్లుమన్నారు. అందరూ విగ్గు పెట్టుకోవాలని అడగడానికి వచ్చినవాళ్లలో చాలామందికి విగ్గు లేదు! వాళ్లకీ సొంత జుట్టే ఉంది. ఇదేం న్యాయమంటూ గుంపు మీదపడి కొందరి జుట్టు బలవంతాన కత్తిరించేసింది.

కొద్దిరోజుల్లో ఇంకో అర్జీ అచ్చయింది. కొయ్యకాళ్లు చేసే వడ్రంగులది. యుద్ధం అయిపోయింది కాబట్టి కొయ్యకాళ్లకి గిరాకీ పడిపోయిందట. కనుక రాజుగారు దయచేసి తామొక కొయ్యకాలు తొడుక్కుని, కొలువులో అందరిచేతా తొడిగించాలని ప్రార్థన! అది ఉత్తుత్తి అర్జీ అని వేరే చెప్పక్కర్లేదు. నవ్వొస్తుంది. కానీ ఆ పనివాళ్లకి సొంత విగ్గు లేకపోవడంలో అంత వింతేముంది? నగలు చేసేవాడి ఇంట్లో అందరి మెడల్లో హారాలుంటాయా? చేసిన వస్తువు కొనే స్తోమత చేసినవాడికి ఉండాలన్న రూలు ఎక్కడా లేదు. అప్పటి పత్రికలు ఈ మాట అనలేదు.

సెయింట్ జేమ్స్ నుంచి తూర్పుగా నడిస్తే స్ట్రాండ్. ఆ వీధిలో 39వ నంబరులో 1770ల్లో మాథ్యూ, మేరీ డార్లీ దంపతుల బొమ్మల దుకాణం ఉండేది. కొనలేనివాళ్లు కూడా కిటికీ ముందు మూగి ఉచితంగా నవ్వుకుని వెళ్లేవాళ్లు. అప్పటికి విగ్గు ఒదిగింది కానీ తల ఎదిగింది! ఆడవాళ్లు సొంత జుట్టులో మెత్తలు పెట్టి, సవరాలు కలిపి గోపురాలు లేపేవాళ్లు. ఇటలీ యాత్ర చేసొచ్చిన కుర్రాళ్లు తలమీద కొండంత జుట్టు, దాని మీద చిన్న టోపీ పెట్టుకుని ‘మాకరోనీ’లని పేరు తెచ్చుకున్నారు. 1774లో వచ్చిన ఓ అచ్చుబొమ్మలో పల్లె నుంచి వచ్చిన రైతు తండ్రి, పట్నంలో మారిపోయిన కొడుకు తలకట్టు చూసి నోరెళ్లబెడతాడు. ఇది నా కొడుకు టామేనా అని దాని పేరు. హాస్టల్ నుంచి జుట్టుకి రంగేసుకుని వచ్చిన కొడుకుని చూసిన తండ్రులకి ఆ ముఖం బాగా తెలుసు.

పిండి ముగించిన కథ

చివరికి విగ్గుని ముంచింది వెక్కిరింత కాదు, రొట్టె. తల మీద చల్లే పౌడరులో ఎక్కువ భాగం గోధుమ నుంచి తీసిన పిండిపదార్థమే. 1790ల్లో ఫ్రాన్సుతో యుద్ధం, పంట పోయింది, రొట్టె ధర మండింది. ఊళ్లో జనం తిండికి అల్లాడుతుంటే నెత్తిన గోధుమపిండి చల్లుకుని తిరగడం చూసేవాళ్లకి కంటగింపయింది. 1795లో ప్రధాని పిట్ యుద్ధం ఖర్చులకి దాని మీద పన్ను వేశాడు. తలకి పౌడరు కావాలంటే ఏడాదికో గినీ కట్టి సర్టిఫికెట్ తీసుకోవాలి. కట్టినవాళ్లకి ‘గినీ పిగ్స్’ అని పేరు పడింది. కట్టం పొమ్మని బెడ్‌ఫర్డ్ డ్యూక్, ఆయన స్నేహితులు జుట్టు కత్తిరించేసుకున్నారు. గినీ మిగుల్చుకోవడానికి పౌడరు మానేసిన ఓ కుటుంబం అవస్థల్ని జేమ్స్ గిల్రే అదే ఏడాది బొమ్మ గీశాడు. తర్వాత అతను సెయింట్ జేమ్స్ వీధిలోని హన్నా హంఫ్రీ బొమ్మల దుకాణం పైనే కాపురం ఉన్నాడు. పౌడరు పోయింది, పన్ను మాత్రం 1869 దాకా పుస్తకాల్లో ఉండిపోయింది.

విగ్గు లేని ఇద్దరు

బ్రున్స్‌విక్ స్క్వేర్‌లోని ఫౌండ్లింగ్ మ్యూజియంలో ఓ నిలువెత్తు చిత్రముంది. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ది. లండన్ వీధుల్లో పారేసిన పసిపిల్లల్ని చూసి తట్టుకోలేక, వాళ్ల కోసం ఆశ్రమం పెట్టాలని పదిహేడేళ్లు గొప్పవాళ్ల గుమ్మాలు ఎక్కిదిగాడు. 1739లో రాజుగారి అనుమతి దొరికింది. మరుసటేడు హోగార్త్ ఈ చిత్రం గీసి ఆశ్రమానికి ఊరికే ఇచ్చాడు. రాజుల్ని చూపినట్టే వెనకాల స్తంభం, తెర, చేతిలో ముద్ర... అంతా ఆడంబరమే. కానీ నెత్తిన విగ్గు లేదు. భుజాల దాకా తెల్లని సొంత జుట్టు. ఆ రోజుల్లో ఆ సైజు చిత్రంలో అలా కూర్చోవడం మామూలు సంగతి కాదు.

రెండో మనిషిని చూడాలంటే థేమ్స్ ఒడ్డున మిల్‌బ్యాంక్‌లో ఉన్న టేట్ బ్రిటన్‌కి వెళ్లాలి. 1745లో హోగార్త్ తనను తాను గీసుకున్న చిత్రం అక్కడిది. కింద స్విఫ్ట్ పుస్తకంతో కలిపి మూడు పుస్తకాలు. పక్కన అతని పెంపుడు కుక్క... పేరు ట్రంప్! (ఇప్పుడు ఆ పేరు వినగానే గుర్తొచ్చే అర్థం ఆ కాలంలో లేదు.) హోగార్త్ తల మీద విగ్గు లేదు. మెత్తని ఇంటిటోపీ. నుదుటి మీద పాత దెబ్బ మచ్చ కూడా దాచుకోలేదు.

తర్వాతెప్పుడో మ్యూజియంవాళ్లు ఈ చిత్రానికి ఎక్స్‌రే తీశారు. రంగు కింద ఇంకో హోగార్త్ కనిపించాడు. మంచి కోటు, బంగారు గుండీలు, నెత్తి మీద నిండైన విగ్గు. మొదట అలాగే గీసుకున్నాడు. తర్వాతే దాని మీద టోపీ వేశాడు.